నికాహ్‌నామాయే నేరపత్రమైన చోట

గాజువాకలో మా వీధికి రెండు వీధుల అవతల నివసించే ఒక కుటుంబం నిరుడు తమ కుమార్తె నికాహ్ జరిపించింది. తండ్రి ఉక్కు కర్మాగారంలో పనిచేసి విరమణ పొందిన వ్యక్తి. వరుని పెద్దలు హైదరాబాదు వారు. అతడు మాత్రం అమెరికాలో పుట్టి పెరిగినవాడు, ఆ దేశ పౌరుడు. నికాహ్ మసీదులో పదిమంది ఎదుట జరిగింది. వలీమాకు వీధి వీధంతా వెళ్లింది. మూడు వారాల సెలవు ముగియగానే అతడు తిరిగి వెళ్లిపోయాడు. కొన్ని నెలలకు అక్కడ అత్తగారికి శస్త్రచికిత్స అవసరమైంది. కోడలు వెళ్లి నెలరోజులు దగ్గరుండి తిరిగి రావాలని రెండు కుటుంబాలూ నిశ్చయించుకున్నాయి. ఆమె పర్యాటక వీసాకు దరఖాస్తు చేసుకొని, తండ్రితో కలిసి రాత్రి రైలెక్కి ఇంటర్వ్యూకు వెళ్లింది.

ఆమె సంచిలో భర్త జీతపు పత్రాలున్నాయి. ఆసుపత్రి వారి ఉత్తరమున్నది. ఇక్కడ తాను పాఠాలు చెప్పే బడి యాజమాన్యం ఇచ్చిన సెలవు మంజూరు కాగితం కూడా ఉన్నది. వాటిలో ఒక్కదానినీ బయటికి తీయవలసిన అవసరం రాలేదు. మీ భర్త ఏ దేశ పౌరుడని అడిగారు. మీ తరఫున వలస పిటిషన్ దాఖలైనదా అని అడిగారు. రెండింటికీ ఆమె నిజమే చెప్పింది. మూడు నిమిషాలైనా గడవకముందే అచ్చువేసిన ఒక కాగితం చేతికి వచ్చింది. సెక్షన్ 214(బి) కింద దరఖాస్తు తిరస్కరించబడినదని దానిలో ఉన్నది.

ఆ కాగితంతో నా వద్దకు వచ్చిన తండ్రి అడిగిన ప్రశ్న ఒక్కటే: "మా అమ్మాయి చేసిన తప్పేమిటి?" ఆమె ఏ తప్పూ చేయలేదు. కిటికీకి అవతల కూర్చున్న అధికారి కూడా చట్టాన్ని ఉల్లంఘించలేదు. చట్టమే ఆ విధంగా ఉన్నది. అందుకే ఈ వ్యాసం ఒక అధికారి మీదనో ఒక కార్యాలయం మీదనో ఫిర్యాదు కాదు. పెళ్లిని సందేహానికి ఆధారంగా మార్చిన ఒక విధానం మీద ఆరోపణ.

ఈ 214(బి) అనేది 1952 నాటి అమెరికా వలస, జాతీయతా చట్టంలోని నిబంధన. నాటి అధ్యక్షుడు ట్రూమన్ ఆ చట్టాన్ని వీటో చేశాడు, కాంగ్రెస్ ఆ వీటోను తోసిపుచ్చింది. తాత్కాలికంగా వచ్చిపోతానని అడిగే ప్రతి విదేశీయుడూ నిజానికి స్థిరపడటానికే వస్తున్నాడని ఈ నిబంధన ముందుగానే భావిస్తుంది. కాదని అధికారికి తృప్తి కలిగేలా నిరూపించుకోవలసిన భారం దరఖాస్తుదారుదే. నేరం రుజువయ్యేవరకు నిందితుడు నిర్దోషి అని న్యాయశాస్త్రం చెబుతుంది. ఇక్కడ ఆ వరుస తలకిందులైంది. అధికారి సంతృప్తి చెందకపోతే అప్పీలు లేదు. కావాలంటే మళ్లీ రుసుము కట్టి మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ రుసుమును 2023 జూన్‌లో 160 డాలర్ల నుండి 185 డాలర్లకు పెంచారు. వీసా రాకపోయినా ఆ సొమ్ము తిరిగి ఇవ్వరు.

తిరిగి వస్తారనడానికి అధికారులు చూసే గుర్తులను "బంధాలు" అంటారు. సొంత దేశంలో ఉద్యోగం, ఇల్లు, భూమి, కుటుంబం. వీటిలో అన్నిటికన్నా గట్టి బంధం వైవాహిక జీవితమే. విశాఖలో ఉద్యోగం చేసుకునే భర్త ఉన్న స్త్రీ అమెరికాలోని అన్నగారిని చూడటానికి వెళతానంటే, ఆమె పెళ్లి ఆమెకు అనుకూలమైన సాక్ష్యం అవుతుంది. అదే పెళ్లి, అదే నికాహ్‌నామా, భర్త అమెరికా పౌరుడైతే మాత్రం ఆమెకు వ్యతిరేక సాక్ష్యం అవుతుంది. పౌరుని జీవితభాగస్వామికి పర్యాటక వీసా ఇవ్వరాదని చట్టంలో ఎక్కడా లేదు. కానీ ఆచరణలో ఆ వివాహమే తిరస్కరణకు తగినంత కారణమవుతున్నది.

ఇంతకన్నా విచిత్రమైన సంగతి మన తెలుగు ఇళ్లన్నిటికీ తెలిసినదే, కాని ఈ కోణంలో ఎవరూ ఆలోచించలేదు. హెచ్-1బి మీద పనిచేస్తున్న యువకుడు అమెరికా పౌరుడు కాడు. అతని ఉద్యోగం పోతే అతడే పెట్టె సర్దుకోవాలి. కాని అతడు ఊరికి వచ్చి పెళ్లి చేసుకుంటే భార్యకు హెచ్-4 వీసా వస్తుంది. పెళ్లి ఫోటోలు, వివాహ ధ్రువపత్రం చూపించి ఆమె భర్త వెంట విమానమెక్కుతుంది. పౌరుని భార్య మాత్రం ఇక్కడే ఉండిపోతుంది. ఎందుకు? 1990లో అమెరికా కాంగ్రెస్ హెచ్-1బి, ఎల్ వీసాల వారిని ఈ 214(బి) సందేహం నుండి మినహాయించింది. వారు స్థిరపడాలన్న ఉద్దేశంతో ఉన్నా ఫరవాలేదన్నది. ఆ మినహాయింపు కంపెనీల అవసరం కోసం వచ్చింది. ఇంజనీరు కావలసిన కంపెనీ మాట కాంగ్రెస్‌కు వినిపించింది, భార్య కావలసిన పౌరుని మాట వినిపించలేదు. సొంత పౌరునికన్నా కంపెనీ కిరాయి మనిషికి ఎక్కువ కుటుంబ సౌఖ్యం కల్పించిన దేశం, కుటుంబ విలువల గురించి ప్రపంచానికి పాఠాలు చెబుతున్నది!

ఇక్కడ మన బజారులోని ఏజెంట్లు రంగప్రవేశం చేస్తారు. "పెళ్లి అయిందని రాయవద్దు, కాలేజీ స్నేహితురాలిని చూడటానికి వెళుతున్నానని చెప్పండి" అని వారి సలహా. దరఖాస్తు పత్రం డీఎస్-160లో వివాహ స్థితిని అడుగుతారు. మీ తరఫున ఎవరైనా వలస పిటిషన్ వేశారా అని కూడా అడుగుతారు. నిజం రాస్తే ఈ ఒక్కసారికి వీసా రాదు. అబద్ధం రాసి దొరికితే, ఉద్దేశపూర్వకంగా తప్పుడు సమాచారం ఇచ్చినందుకు అదే చట్టం జీవితాంతం ప్రవేశాన్ని నిషేధిస్తుంది. అప్పుడు పర్యాటక వీసాయే కాదు, భార్యగా దక్కవలసిన వలస వీసా కూడా చిక్కుల్లో పడుతుంది. క్షమాపణకు వేరే దరఖాస్తు పెట్టుకొని, ఈ వియోగం వలన భర్తకు తీవ్రమైన కష్టం కలుగుతున్నదని రుజువు చేసుకోవాలి. ఏజెంటుకు మాత్రం ఏ నిషేధమూ లేదు. అతడు తన కమిషన్ తీసుకొని మరో ఇంటి తలుపు తడతాడు.

ఇస్లాంలో రహస్య వివాహం లేదు. సాక్షులుండాలి, వలీ ఉండాలి, మహర్ నిర్ణయం కావాలి, పదిమందికీ తెలియాలి. నికాహ్‌ను ప్రకటించండని దైవప్రవక్త (స) బోధించారు. దివ్యఖుర్ఆన్ దంపతులను ఒకరికొకరు వస్త్రంతో పోల్చింది. అటువంటి బంధాన్ని కాగితం మీద దాచిపెట్టమని ఒక ముస్లిం యువతిని ప్రలోభపెట్టే పరిస్థితిని సృష్టించినది ఏ చట్టమైనా, అది కేవలం ప్రయాణానికి సంబంధించిన చట్టంగా మిగలదు, మనిషి నిజాయితీతో ఆడుకుంటుంది. నా వద్దకు వచ్చిన ఆ అమ్మాయి నిజం చెప్పి వీసా పోగొట్టుకున్నది. ఆమె చేసినది సరైన పని అని నేను ఆమె తండ్రితో చెప్పాను. ఆయన మౌనంగా విన్నారు. అది ఆయనకు ఓదార్పుగా తోచలేదని నాకు తెలుసు.

"అంత తొందరెందుకు? వలస వీసా తీసుకొని శాశ్వతంగానే వెళ్లవచ్చు కదా" అని కొందరు విజ్ఞులు అంటారు. వెళ్లవచ్చు, నిజమే. పౌరుని జీవితభాగస్వామికి వార్షిక సంఖ్యా పరిమితి కూడా లేదు. కాని ఆ దారి చూడండి. ముందు భర్త ఐ-130 పిటిషన్ వేయాలి. అది ఆమోదం పొందాలి. తర్వాత జాతీయ వీసా కేంద్రానికి వెళ్లాలి. ఆదాయ పత్రాలు, పోలీసు ధ్రువపత్రాలు, రుసుములు. ఆపైన ముంబయిలో ఇంటర్వ్యూ. గాజువాక నుండి ముంబయి ఎంత దూరమో రైల్లో వెళ్లినవారికి తెలుసు. ఇదంతా పూర్తి కావడానికి ఏడాది దాటడం సర్వసాధారణం, అంతకు మించి పట్టడమూ అరుదు కాదు. ఈ మధ్యకాలంలో అత్తగారి శస్త్రచికిత్స ఆగదు. జనాజాలు ఆగవు. బిడ్డ పుడితే తండ్రి ముఖాన్ని మొబైల్ తెర మీదనే చూడాలి. పిటిషన్ వేయడమే, అంటే చట్టబద్ధమైన దారిలో అడుగుపెట్టడమే, మధ్యలో ఒక్క నెల చూసివచ్చే అవకాశానికి అడ్డుపడుతున్నది. వరుసలో నిలబడినందుకు శిక్ష వేసే వరుస ఇది.

ఈ నిరీక్షణ క్రూరమైనదని అమెరికా శాసనకర్తలకు తెలియదా? తెలుసు. 2000 డిసెంబరులో లైఫ్ చట్టం పేరుతో వారే కె-3 అనే వీసాను సృష్టించారు. పౌరుని భార్య గాని భర్త గాని వలస వీసా కోసం విదేశంలో కూర్చోకుండా, అమెరికాలో కలిసి ఉంటూనే వేచివుండాలన్నది దాని ఉద్దేశం. చట్టం ఇప్పటికీ బతికే ఉన్నది. వీసా మాత్రం దాదాపు మూలపడింది. ఐ-130 ఆమోదం పొంది వీసా కేంద్రానికి చేరగానే కె-3 దస్త్రాన్ని మూసివేయడం పరిపాటి అయింది. రెండు దరఖాస్తులూ ఒకే సమయంలో ముక్కుతూ మూలుగుతూ సాగుతాయి కనుక, కె-3 ఉపయోగపడే రోజే రాదు.

న్యాయం కోసం ఒక్క మాట ఒప్పుకోవాలి. పర్యాటక వీసా మీద వెళ్లి అక్కడే ఉండిపోయినవారున్నారు. చట్టబద్ధంగా ప్రవేశించిన పౌరుని భార్య అక్కడి నుండే గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేసుకునే వీలు అదే చట్టంలో ఉన్నది. కాబట్టి అధికారి అనుమానం గాలిలోంచి పుట్టినది కాదు. అయితే ఆ అనుమానానికి మందు తలుపు మూయడమేనా? కెనడా వలస చట్టం, స్థిరపడాలన్న కోరిక ఉన్నంత మాత్రాన తాత్కాలికంగా వచ్చేవారిని ఆపకూడదని స్పష్టంగా రాసుకున్నది. 2023 మేలో ఆ ప్రభుత్వం భార్యాభర్తల సందర్శక వీసాలను అత్యధిక సందర్భాలలో 30 రోజులలోపు తేల్చుతామని ప్రకటించింది. ఐరోపా సమాజం 2004లో చేసిన ఆదేశం ప్రకారం, ఒక సభ్యదేశం నుండి మరొక సభ్యదేశానికి వెళ్లి నివసించే పౌరుల విదేశీ భార్యాభర్తలకు ప్రవేశ వీసాను రుసుము లేకుండా, వేగంగా ఇవ్వాలి. అక్కడ పెళ్లి త్వరపడటానికి కారణమైంది, ఇక్కడ ఆపడానికి కారణమైంది. సరిహద్దులు అందరికీ ఉన్నవి. చూపులో తేడా ఉన్నది.

ఇక కోర్టులు. వివాహం మౌలిక హక్కు అని 1967లో లవింగ్ కేసులో చాటినది అమెరికా సుప్రీంకోర్టే. కాని ఆ హక్కు కాన్సులేట్ కిటికీ దగ్గరకు వచ్చేసరికి నోరు మెదపదు. ఫౌజియా దిన్ అనే అఫ్ఘాన్ సోదరి శరణార్థిగా వెళ్లి అమెరికా పౌరురాలైంది. ఆమె భర్త కనిష్క బెరష్క్ ఒకప్పుడు, తాలిబాన్ల పాలనాకాలంలో కూడా, అఫ్ఘాన్ ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. అతనికి వలస వీసా నిరాకరించి, ఉగ్రవాద నిబంధన పేరు మాత్రం చెప్పి ఊరుకున్నారు. అతడు ఏమి చేశాడో చెప్పలేదు. కారణం చెప్పమని భార్య కోర్టుకెక్కింది. 2015 జూన్ 15న అయిదుగురు న్యాయమూర్తులు ఆమెకు వ్యతిరేకంగా, నలుగురు అనుకూలంగా తీర్పునిచ్చారు. తొమ్మిదేళ్ల తర్వాత, 2024 జూన్ 21న, సాండ్రా మునోజ్ కేసులో ఆ కోర్టు మిగిలిన సందిగ్ధాన్ని కూడా తీర్చివేసింది. ఆమె లాస్ ఏంజెలెస్ న్యాయవాది, పౌరురాలు. భర్త ఎల్ సాల్వడార్ దేశస్థుడు. అతని ఒంటి మీది పచ్చబొట్లను ముఠా గుర్తులుగా భావించి వీసా నిరాకరించారు. 2015 నుండి దంపతులు వేరుపడి ఉన్నారు. విదేశీ భర్తను దేశంలోకి రప్పించుకునే మౌలిక హక్కు పౌరురాలికి లేదని మెజారిటీ తీర్పు. జస్టిస్ సోటోమేయర్‌తో కలిపి ముగ్గురు విభేదించారు. గమనించండి, వీరు అడిగినవి పర్యాటక వీసాలు కావు. ఏళ్ల తరబడి వరుసలో నిలిచి, అన్ని మెట్లూ ఎక్కి అడిగిన వలస వీసాలు. వాటికే దిక్కు లేనప్పుడు నెలరోజుల సందర్శనకు కోర్టు రక్షణ ఎక్కడ దొరుకుతుంది?

ఇది ముస్లింలను గురిచూసి చేసిన చట్టమా? కాదు. ఆ మాట అనడం అసత్యం. 214(బి) ఎవరి మతమూ అడగదు. మా గాజువాకలోనే హిందూ, క్రైస్తవ కుటుంబాల ఆడపడుచులూ ఇవే కాగితాలు పట్టుకొని తిరిగి వచ్చారు. మన పోరాటంలో వారు కూడా మనవారే. అయితే కారణం చెప్పనక్కరలేని అధికారం, ఏ కోర్టూ తరచి చూడని అధికారం ఎవరి చేతికి చిక్కినా, అది ముందుగా ఎవరి మీద పడుతుందో మనకు అనుభవం. 2017లో ముస్లిం దేశాల మీద నిషేధం వచ్చింది. దాని మూడవ రూపాన్ని 2018 జూన్ 26న సుప్రీంకోర్టు 5-4 ఓట్లతో సమర్థించింది. యెమెన్ మూలాల అమెరికా పౌరులు భార్యాబిడ్డలను జిబూతీలోనూ, కైరోలోనూ వదిలి తిరుగుముఖం పట్టవలసి వచ్చింది. ఫౌజియా దిన్ పేరు వేరైవుంటే ఆమె భర్త గుమాస్తా ఉద్యోగం అంత భయంకరంగా కనిపించేదా అన్నది నా సందేహం.

అమెరికాను నిలదీసే గొంతు మన గుమ్మంలో తడబడకూడదు. 2025 ఏప్రిల్‌లో పహల్గాం మారణకాండ జరిగింది. ఆ నేరాన్ని ఖండించని ముస్లిం లేడు. ఆ వెంటనే పాకిస్తాన్ జాతీయుల వీసాలు రద్దయినప్పుడు అట్టారీ వద్ద ఏమి చూశాము? భారత పాస్‌పోర్టు ఉన్న తల్లి ఇవతల ఆగిపోయింది, పాకిస్తాన్ పాస్‌పోర్టు ఉన్న పిల్లలు అవతలికి వెళ్లారు. మన పౌరసత్వ చట్టం విదేశీ భార్యాభర్తలకు, వివాహం నమోదై రెండేళ్లు నిలిచాక, ఓసీఐ కార్డుకు అర్హత ఇచ్చింది. పాకిస్తాన్, బంగ్లాదేశ్ మూలాలవారిని దాని నుండి తప్పించింది. దేశభద్రత అనే మాట వినగానే విచారణ అనే మాట మరచిపోయే అలవాటు ఒక్క వాషింగ్టన్‌దే కాదు.

మన ఇళ్లలోని సంగతి కూడా చెప్పకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది. "అమెరికా సంబంధం" అన్న మాట చెవిన పడగానే మన పెద్దలు విచారణ మానేస్తున్నారు. అబ్బాయి పౌరుడా, గ్రీన్‌కార్డు మీద ఉన్నాడా, హెచ్-1బి మీదనా? ఈ ఒక్క ప్రశ్న మీద అమ్మాయి తర్వాతి రెండు మూడేళ్లు ఆధారపడి ఉంటాయి. గ్రీన్‌కార్డు వారి భార్యలకు సంఖ్యా పరిమితి ఉన్నది, నిరీక్షణ మరింత ఎక్కువ. "ముందు విజిట్ వీసా మీద వచ్చేస్తుంది, తర్వాత చూద్దాం" అని వరుని తరఫువారు ఇచ్చే హామీని నమ్మి ఉద్యోగం మాన్పించిన తండ్రులను నేను ఎరుగుదును. మహర్ ఎంత అన్నదాని మీద మూడు రాత్రులు కూర్చుంటాము. వీసా వచ్చేవరకు ఆమె ఎక్కడ ఉంటుంది, ఎవరు పోషిస్తారు, భర్త ఏడాదికి ఎన్నిసార్లు వస్తాడు అన్నదాని మీద మూడు నిమిషాలు కూర్చోము. వీటిని నికాహ్‌నామాలో షరతులుగా రాసుకోవడానికి షరీఅత్‌లో అడ్డేమీ లేదు. ఖాజీ ఇచ్చిన పత్రంతో పాటు 2002 నాటి రాష్ట్ర చట్టం కింద వివాహ నమోదు కూడా వెంటనే చేయించాలి. ప్రవాస వివాహాల మీద సమగ్ర చట్టం కావాలని 2024 ఫిబ్రవరిలో లా కమిషన్ తన 287వ నివేదికలో సిఫార్సు చేసింది. ఆ నివేదిక ఏమైందో మన ఎంపీలను అడిగిన మసీదు కమిటీ ఒక్కటైనా ఉన్నదా?

పోరాడితే ఫలితముంటుందా అని అడిగేవారికి ఒక పాత సంగతి. 1948లో ఎలెన్ నాఫ్ అనే జర్మన్ యువతి అమెరికా సైన్యంలో పనిచేసిన పౌరుని భార్యగా న్యూయార్క్ రేవులో దిగింది. రహస్య సమాచారం ఉన్నదంటూ విచారణ లేకుండా ఎల్లిస్ ద్వీపంలో నిర్బంధించారు. 1950లో సుప్రీంకోర్టు కూడా ప్రభుత్వం పక్షానే నిలిచింది. కాని భర్త ఊరుకోలేదు, పత్రికలు ఊరుకోలేదు, కాంగ్రెస్ సభ్యులు ఊరుకోలేదు. చివరికి విచారణ జరిపించారు. రహస్య సాక్ష్యం వెలుగులో నిలబడలేదు. 1951లో ఆమెకు ప్రవేశం లభించింది. కోర్టులో ఓడిన కేసును వీధిలో గెలిచారు.

కాబట్టి అక్కడి భర్తలకు నా మాట: మీరు ఓటర్లు. మీ నియోజకవర్గపు కాంగ్రెస్ సభ్యుని కార్యాలయానికి వెళ్లండి. హెచ్-1బి, ఎల్ వీసాలకు 1990లో ఇచ్చిన మినహాయింపును పౌరుల భార్యాభర్తలకు కూడా ఇవ్వాలని అడగండి. అది ఒక్క వాక్యపు సవరణ. కె-3ను మళ్లీ బతికించమని అడగండి, దానికి సవరణ కూడా అక్కరలేదు. కుటుంబానికి రాజ్యం రక్షణ ఇవ్వాలని 1948 మానవ హక్కుల ప్రకటన 16వ అధికరణం చెప్పినది, పౌర రాజకీయ హక్కుల ఒడంబడిక 23వ అధికరణం చెప్పినది. ఆ ఒడంబడికను అమెరికా 1992లో ఆమోదించినదని వారికి గుర్తుచేయండి. మన విదేశాంగ శాఖ అమెరికాతో వీసాల మీద మాట్లాడిన ప్రతిసారీ ఇంజనీర్ల గురించే మాట్లాడుతున్నది. భార్యల గురించి కూడా మాట్లాడాలి.

ఇక్కడి కుటుంబాలకు ఒక విన్నపం. తిరస్కరణ కాగితాన్ని అవమానంగా భావించి బీరువాలో దాచవద్దు. మీ మసీదు కమిటీ వద్దకు తీసుకురండి. పేర్లు అక్కరలేదు. నికాహ్ జరిగిన తేదీ, పిటిషన్ వేసిన తేదీ, తిరస్కరించిన తేదీ రాసి ఇస్తే చాలు. గాజువాక, కూర్మన్నపాలెం, ఆటోనగర్ ప్రాంతాలలో ఈ పని మొదలుపెట్టాము. ఉక్కు కర్మాగారపు విశ్రాంత ఉద్యోగి అయిన ఆ తండ్రే మొదటి వరుస నింపారు. నాలుగవ గడిలో, వలస వీసా ఇంటర్వ్యూ తేదీ అన్నచోట, ఒక గీత గీసి వదిలారు.